మా తమ్ముడికి యూదు చాప్లెయిన్ దగ్గర అసిస్టెంట్ పోస్టింగ్ వచ్చింది, అసలు అక్కడ ఏం పని ఉంటుంది?

శ్రావణి_కె

అందరికీ నమస్తే. అమెరికా ఆర్మీలో చేసిన మనవాళ్ళు ఒకరిద్దరు ఇక్కడ ఉన్నారని పాత పోస్టుల్లో చూశాను, అందుకే అడుగుతున్నా. మా పిన్ని కొడుకు అక్కడే పుట్టి పెరిగాడు, పోయినేడు ఆర్మీలో చేరాడు. ఏ కంప్యూటర్ల పనో తీసుకుంటాడనుకుంటే రెలిజియస్ అఫైర్స్ స్పెషలిస్ట్ అని ఒక ఉద్యోగం ఉందంట, అది ఎంచుకున్నాడు, సౌత్ కెరొలైనాలో ఫోర్ట్ జాక్సన్‌లో దాని ట్రైనింగ్ కూడా అయిపోయింది. ఇప్పుడు ఒక బెటాలియన్‌లో వేశారు, అక్కడ చాప్లెయిన్, అంటే సైనికుల మతపరమైన అవసరాలు చూసే అధికారి, ఒక రబ్బీ, అంటే యూదుల మతగురువు. మావాడు ఆయనకి అసిస్టెంట్.

వాడు సంతోషంగానే ఉన్నాడు గానీ ఫోన్‌లో రెండు ముక్కలకి మించి చెప్పడు, పిన్నికి మాత్రం కంటిమీద కునుకు లేదు. ఆవిడకి ఎవరో చెప్పారంట, చాప్లెయిన్ చేతిలో ఆయుధం ఉండదు, ఆయన్ని కాపాడాల్సింది అసిస్టెంటే అని. నిజమేనా? ఇంకోటి, మేము హిందువులం, వీడికి యూదుల ప్రార్థనల గురించి ఓనమాలు కూడా తెలియవు, ఆయనకి ఇబ్బంది కాదా? బెటాలియన్ మొత్తం వెతికినా యూదులు పట్టుమని పదిమంది ఉంటారో లేదో, మరి రబ్బీ రోజంతా ఎవరికోసం పనిచేస్తాడు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, పిన్నికి చదివి వినిపిస్తాను.

మాజీ_సార్జెంట్_ఆర్

శ్రావణి గారూ, నేను ఆర్మీలో సప్లైలో చేశాను, బయటికొచ్చి చాలా ఏళ్ళయింది. ముందు పిన్ని గారి భయం సంగతి, దాచకుండా చెప్తాను. ఆవిడ విన్నది నిజమే. జెనీవా ఒప్పందాల ప్రకారం చాప్లెయిన్ యుద్ధం చేసే మనిషి కాదు, అమెరికా సైన్యం రూల్ అయితే ఆయన అసలు ఆయుధమే పట్టకూడదు. మీ తమ్ముడు మాత్రం మామూలు సైనికుడే, తుపాకీ ఉంటుంది, బయటికి వెళ్తే ఆయన పక్కనే ఉండి కనిపెట్టుకోవడం వాడి డ్యూటీ. ఇద్దర్నీ కలిపి యూనిట్ మినిస్ట్రీ టీం అంటారు. కానీ ఆ పని రోజూ తుపాకీ పట్టుకుని నిలబడేది అనుకోకండి, నేను చూసినంతవరకు ఎక్కువ రోజులు కుర్చీలు వెయ్యడం, సామాను సర్దడం, బండి నడపడం, టైమ్‌టేబుళ్ళు, ఎవరైనా కుర్రాడు మొహం వేలాడేసుకుని వస్తే చాప్లెయిన్ ఖాళీ అయ్యేదాకా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వడం, ఇలాగే గడుస్తుంది.

మతం సంగతి అయితే బెంగే పెట్టుకోవద్దు. అసిస్టెంట్‌ది, చాప్లెయిన్‌ది ఒకే మతం కానక్కర్లేదు. మా దగ్గర బాప్టిస్ట్ చాప్లెయిన్ కింద దేవుణ్ణే నమ్మని అబ్బాయి చేశాడు, ఆ ఇద్దరూ బాగా కలిసిపోయారు.

ఇక రబ్బీ ఎవరికోసం అన్నారు చూడండి, దానికి నా సొంత అనుభవమే చెప్తాను. నేను వేరే దేశంలో డ్యూటీలో ఉండగా ఇండియాలో మా నాన్న పోయారు. రెడ్‌క్రాస్ ద్వారా కబురు వచ్చింది, అర్ధరాత్రి లేపి చెప్పింది మా కంపెనీ కమాండర్, పక్కన చాప్లెయిన్ నిలబడి ఉన్నాడు. రబ్బీ ఆయన. కాలర్ దగ్గర బ్యాడ్జీలో శిలువ బదులు రెండు రాతి పలకలు, వాటిపైన ఆరు కోణాల నక్షత్రం, అంతకుముందు నేనెప్పుడూ సరిగా చూళ్ళేదు ఆ గుర్తుని. బయల్దేరినా దహనానికి అందుకోనని తెలిసిపోయింది, అన్నయ్య చేసేస్తాడు. ఆయన నా దగ్గర కూర్చుని ప్రార్థన మొదలుపెట్టలేదు, దేవుడి సంగతి ఎత్తలేదు. చాలాసేపు ఊరికే కూర్చుని, మీ ఇంట్లో ఇలాంటప్పుడు ఏం చేస్తారు అని అడిగాడు. నాకు సరిగా తెలియదు సర్, తలస్నానం చెయ్యాలి, నువ్వులూ నీళ్ళూ వదలాలి అన్నాను. నువ్వులంటే ఏంటి అని అడిగి ఇంగ్లీషులో పేరు చెప్పించుకుని వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి ఆయన అసిస్టెంట్ ఒక పేపర్ కప్పు పట్టుకొచ్చాడు. అందులో నువ్వులు. మెస్‌లో బర్గర్ బన్నుల మీద ఉంటాయే, అవి ఒక్కొక్కటీ గోటితో గిల్లి తీశాడంట, ఎన్ని బన్నులు గిల్లితే ఆ కప్పు అడుగు నిండిందో నాకు తెలియదు. తెల్ల నువ్వులు, మనం వాడేవి నల్లవి, అయినా నేను ఏమీ అనలేదు, అనబుద్ధి కాలేదు. నీళ్ళ క్యాన్ దగ్గర నిలబడి నాకు తెలిసిన రెండు మాటలు అనుకుని వదిలాను. వెనక్కి తిరిగి చూస్తే మా ప్లాటూన్ వాళ్ళు టోపీలు తీసి వరసలో నిలబడ్డారు, రబ్బీయే పిలిపించాడు. తర్వాత చెప్పాడు, మా పద్ధతిలో తండ్రి పోయినవాడు కద్దీష్ అనే ప్రార్థన చదవాలంటే పదిమంది యూదులు కూడాలి, ఒక్కడే చదవడానికి లేదు, నీది ఆ ప్రార్థన కాదని తెలుసు గానీ నిన్ను ఒక్కణ్ణే నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు అని. అందులో ఒక్కడు కూడా యూదుడు లేడండీ.

చాప్లెయిన్లకి మూల సూత్రం ఒకటే, నీ మతం వాళ్ళకి నువ్వు చెయ్యి, మిగతావాళ్ళకి చేయించు. క్యాథలిక్ కుర్రాడికి ఫాదర్ కావాలంటే ఎక్కడున్నా వెతికి రప్పించాలి, ముస్లిం కుర్రాడికి నమాజుకి చోటు చూపించాలి. భార్యాభర్తల గొడవలు, అప్పులు, చచ్చిపోదామన్న ఆలోచనలు, వీటికి మతంతో సంబంధమే లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. అక్కడ చెప్పుకున్న మాట కమాండర్ అడిగినా బయటికి రాకూడదు, అది రూల్, అది మీ తమ్ముడికి కూడా వర్తిస్తుంది. మీకు ఫోన్‌లో రెండు ముక్కలే చెప్తున్నాడంటే అందులో కొంత ఇదీ అయ్యుండొచ్చు, బాధపడకండి.

పాతపేపర్లు

సార్జెంట్ గారి పోస్టు రెండుసార్లు చదివాను. నేను సైన్యంలో చెయ్యలేదు, చరిత్ర మీద ఆసక్తితో చదువుతుంటాను, కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను, ఎందుకంటే ఈరోజు మీ తమ్ముడి పక్కన రబ్బీ ఉన్నాడంటే అది ఊరికే వచ్చింది కాదు.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైనప్పుడు చాప్లెయిన్ అంటే ఏదో ఒక క్రైస్తవ శాఖలో అభిషేకం పొందిన పాస్టరే అయ్యుండాలని చట్టంలో రాసిపెట్టారు. పెన్సిల్వేనియా 5వ కావల్రీలో యూదులు చాలామంది, కల్నల్ కూడా యూదుడే, వాళ్ళంతా కలిసి మైకేల్ అలెన్ అనే హీబ్రూ టీచర్‌ని చాప్లెయిన్‌గా ఎన్నుకున్నారు, ఎవరో చూసి ఫిర్యాదు చేశారు, ఆయన రాజీనామా చెయ్యాల్సొచ్చింది. ఆ తర్వాత న్యూయార్క్ నుంచి ఆర్నాల్డ్ ఫిషెల్ అప్లై చేస్తే ఆయనకీ కుదరదన్నారు, దాంతో ఆయన 1861 డిసెంబర్‌లో నేరుగా వెళ్ళి లింకన్‌ని కలిశాడు, లింకన్ విన్నాడు, 1862 జూలైలో చట్టం మారింది, సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియాకి చెందిన జేకబ్ ఫ్రాంకెల్ మొదటి యూదు చాప్లెయిన్ అయ్యాడు, ఆయన పని మిలిటరీ హాస్పిటళ్ళలో. నాకు ఇందులో నచ్చేది ఏంటంటే యూదుల కోసం విడిగా ఒక మినహాయింపు పెట్టుకోలేదు, చట్టంలో ఆ క్రైస్తవ అన్న షరతే పోయింది, కాబట్టి ఆ తలుపు తర్వాత వచ్చిన అందరికీ తెరుచుకుంది. 2011లో మొదటి హిందూ చాప్లెయిన్‌గా ప్రతిమా ధర్మ్ గారు వచ్చారు చూడండి, ఆ దారి మొదలైంది అక్కడే అని నేననుకుంటాను.

ఇంకో సంఘటన చెప్పకుండా ఉండలేను. 1943 ఫిబ్రవరి 3 తెల్లవారుజామున గ్రీన్‌లాండ్ దగ్గర డోర్చెస్టర్ అనే ఓడ, 902 మంది సైనికులూ సిబ్బందీ ఉన్నారు, జర్మన్ జలాంతర్గామి టార్పెడో తగిలి మునిగింది. ఓడలో నలుగురు చాప్లెయిన్లు, మెథడిస్ట్ జార్జ్ ఫాక్స్, క్యాథలిక్ జాన్ వాషింగ్టన్, రిఫార్మ్‌డ్ చర్చి క్లార్క్ పోలింగ్, రబ్బీ అలెగ్జాండర్ గూడ్. లైఫ్ జాకెట్లు సరిపోకపోతే నలుగురూ తమవి తీసి ఇచ్చేసి, చేతులు పట్టుకుని డెక్ మీదే ఉండిపోయారు. అందరికీ తెలిసిన కథే ఇది, కానీ నాకు గుర్తుండిపోయింది చేతి గ్లవ్స్ సంగతి. ఒక నేవీ అతను గ్లవ్స్ మర్చిపోయి కేబిన్‌కి వెనక్కి వెళ్తుంటే గూడ్ ఆపి తనవి తీసి ఇచ్చాడు, నా దగ్గర ఇంకో జత ఉందిలే అన్నాడు. ఆ గ్లవ్స్ వల్లే ఆ మంచు నీళ్ళలో పడవ అంచు పట్టుకోగలిగి బతికాడతను. రెండో జత లేనే లేదని, గూడ్‌కి ఓడ దిగి పడవెక్కే ఉద్దేశమే లేదని తర్వాత అర్థమైందంట అతనికి. ఆ రాత్రి బతికింది 230 మందే.

రఘు_వి

కథలు బాగున్నాయి, కాదనను. కానీ ఒక సందేహం, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా. అమెరికాలో ప్రభుత్వం వేరు మతం వేరు అంటారు కదా, మరి పన్నుల డబ్బుతో రబ్బీకీ ఫాదర్‌కీ జీతం ఇవ్వడం ఎలా కుదిరింది? ఎవరూ కోర్టుకి వెళ్ళలేదా?

పాతపేపర్లు

రఘు గారూ, వెళ్ళారు. 1979లో ఇద్దరు హార్వర్డ్ లా విద్యార్థులు కేసు వేశారు, కాట్‌కాఫ్ వర్సెస్ మార్ష్ అంటారు, 1985లో అప్పీల్స్ కోర్టు చాప్లెయిన్ వ్యవస్థని మొత్తమ్మీద సమర్థించింది. వాదన తేలికగానే అర్థమవుతుంది, సైనికుణ్ణి ఇంటికీ గుడికీ దూరంగా తీసుకెళ్ళి పడేసింది ప్రభుత్వమే, అక్కడినుంచి తనంతట తను వెళ్ళలేడు, అలాంటప్పుడు ఏర్పాటు చెయ్యకపోతే వాడి మతస్వేచ్ఛని ప్రభుత్వమే లాక్కున్నట్టు అవుతుంది. ఆ మాట నాకు న్యాయంగానే అనిపిస్తుంది. అలాగని సైన్యం ప్రతిసారీ మతం విషయంలో ఉదారంగా ఉందని కాదు. సిమ్చా గోల్డ్‌మన్ అని ఎయిర్‌ఫోర్స్‌లో సైకాలజిస్ట్, ఆయన రబ్బీ కూడా, కానీ అక్కడ చేసింది చాప్లెయిన్ పని కాదు, యూనిఫాంతో కిప్పా (యూదు మగవాళ్ళు నెత్తిన పెట్టుకునే చిన్న టోపీ) పెట్టుకోవద్దన్నారని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు, 1986లో 5–4 తేడాతో ఓడిపోయాడు. మరుసటి ఏడాదే కాంగ్రెస్ చట్టం చేసి పొందికగా ఉన్న మతపరమైన వస్త్రం పెట్టుకోవచ్చని అనుమతించింది.

ఆ చట్టం గురించి చర్చ నడుస్తున్నప్పుడు ఒక కిప్పా కథ పదేపదే చెప్పారు. 1983 అక్టోబర్‌లో లెబనాన్‌లోని బీరూట్‌లో చనిపోయిన ఒక యూదు మెరైన్‌కి సంతాప సభ జరపడానికి నేవీ చాప్లెయిన్ ఆర్నాల్డ్ రెస్నికాఫ్ శుక్రవారం అక్కడికి వెళ్ళాడు, సబ్బాతు, అంటే యూదుల వారపు విశ్రాంతి రోజు కాబట్టి శనివారం ప్రయాణం చెయ్యనన్నాడు, అందుకే 23వ తేదీ ఆదివారం పొద్దున అమెరికన్ మెరైన్ల బస దగ్గర ట్రక్కు బాంబు పేలినప్పుడు అక్కడే ఉన్నాడు. 241 మంది అమెరికన్లు పోయారు. శిథిలాల్లోంచి లాగుతున్న కుర్రాళ్ళ మొహాలు తుడవడానికి చేతికి ఏది దొరికితే అది వాడాడు, తన కిప్పా కూడా. నెత్తి మీద కిప్పా లేకపోవడం చూసి పక్కనున్న క్యాథలిక్ చాప్లెయిన్ జార్జ్ పుచ్చియరెల్లి తన యూనిఫాం గుడ్డ చింపి ఆయన తలమీద పెట్టాడు, ఇక్కడ యూదు చాప్లెయిన్ కూడా ఉన్నాడని అందరికీ తెలియాలి అని ఆయన ఉద్దేశం. పాదిరీ చింపి ఇచ్చిన గుడ్డముక్క, రబ్బీ నెత్తిన కిప్పా. నేను ఇది ఎప్పుడు చెప్పినా కొంచెం ఆగి చెప్పాల్సొస్తుంది.

లలిత_డి

శ్రావణి, నేను కూడా రాయొచ్చా. మావారు నేవీలో చేసేటప్పుడు బేస్ చాపెల్‌లో వాలంటీర్‌గా నాలుగేళ్ళు చేశాను, యూదుల ప్రార్థనలకి సర్దిపెట్టడం నా వంతు. తమ్ముడికి పనికొచ్చే చిన్నచిన్నవి చెప్తాను, పెద్ద విషయాలు ఆయనే నేర్పిస్తారు.

వాళ్ళ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, అది ముందు బుర్రలో పెట్టుకోమను. క్యాలెండర్‌లో శనివారం అని ఉంటే పని శుక్రవారం సాయంత్రమే, పొద్దు వాలకముందే దీపాలు వెలిగించాలి, ఒకసారి హాల్ తాళాలు ఎవరి దగ్గరో ఉండిపోయి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఆ వారం దీపాలే వెలిగించలేదు, పొద్దు వాలాక అగ్గి ముట్టించకూడదు కదా. రబ్బీ ఒక్క మాట అనలేదు గానీ నాకు ఆ వారమంతా మనసు బాలేదు. అందుకని తాళాలు మధ్యాహ్నమే తెచ్చిపెట్టుకోమను. పండగలు ప్రతి ఏడూ ముందుకీ వెనక్కీ జరుగుతాయి, మనకి అధిక మాసం వచ్చినట్టే వాళ్ళకీ 19 ఏళ్ళలో 7 సార్లు ఒక నెల ఎక్కువ వస్తుంది, మనింటి పిల్లాడికి ఇది చెప్తే చటుక్కున అర్థమవుతుంది. ప్రార్థన పుస్తకాలు కుడి నుంచి ఎడమకి తెరుచుకుంటాయి, పేర్చేటప్పుడు తలకిందులుగా పెట్టకూడదు, కింద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు, మనం పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకుంటాం చూడు, అలాగే. తోరా (వాళ్ళ పవిత్ర గ్రంథం) చుట్ట ఉంటే దాని జోలికి వాళ్ళు చెప్పందే వెళ్ళొద్దను.

భోజనం సంగతి, మడి తెలిసిన ఇంట్లో పెరిగితే కోషర్, అంటే వాళ్ళ తిండి నియమాలు, ఏంటో ఊహించడం తేలిక, కానీ రెండూ ఒకటి కాదు. మాంసం పాలు కలవకూడదు, పంది ఉండకూడదు, వంట గిన్నెలూ పొయ్యీ కూడా లెక్కలోకి వస్తాయి. ఆర్మీలో కోషర్ భోజనం ప్యాకెట్లు దొరుకుతాయి, పస్కా పండగప్పుడు మాత్రం ఆ 8 రోజులూ పులిసిన పిండి ముట్టరు కాబట్టి వేరే ఆర్డర్ పెట్టాలి, అది చాలా ముందునుంచీ చూసుకోవాల్సిన పని, మొత్తం తలనొప్పి అసిస్టెంట్ నెత్తినే పడుతుంది. ఇంకొకటి, యూదు చాప్లెయిన్లు తక్కువ కాబట్టి పెద్ద పండగలకి వేరే యూనిట్ల వాళ్ళకి కూడా ఆయనే వెళ్ళాలి, చాప్లెయిన్ లేనిచోట సైనికుల్లోనే ఒకర్ని లే లీడర్‌గా పెట్టి నడిపిస్తారు. పండగ నెలలో తమ్ముడు ఫోన్ చెయ్యలేదని పిన్నిని కంగారుపడొద్దను.

ఒకటి మాత్రం నేను గట్టిగా చెప్తాను. మతం మార్పిస్తారేమోనని మా బంధువుల్లో ఒకావిడ నన్ను అడిగింది, మీ ఇంట్లో కూడా ఎవరైనా అడుగుతారు. వేరే మతంవాళ్ళని తమలో కలుపుకోవాలని తిరగడం యూదుల పద్ధతి కాదు. నాలుగేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా ఆ మాట అడగలేదు, పైగా దీపావళి ఎప్పుడు అని రబ్బీయే డైరీలో రాసుకునేవారు.

రఘు_వి

ఇది నేను అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్నే. సమాధానాలకి థాంక్స్ అందరికీ.

మాజీ_సార్జెంట్_ఆర్

లలిత గారు చెప్పనిది ఒకటి కలుపుతాను, శ్రావణి గారూ, ఇది పిన్ని గారికి చదవాలో వద్దో మీ ఇష్టం. యూనిట్‌లో ఎవరైనా పోతే మెమోరియల్ జరుగుతుంది, బూట్లు, నిలబెట్టిన రైఫిల్, దానిమీద హెల్మెట్, మెడలో వేసుకునే ట్యాగులు. ఫస్ట్ సార్జెంట్ హాజరు పిలుస్తాడు, బతికున్నవాళ్ళు పలుకుతారు, పోయినవాడి పేరు మూడుసార్లు పిలుస్తాడు, ఎవరూ పలకరు. ఆ బూట్లు తుడిచి అక్కడ సర్దేది చాలాసార్లు చాప్లెయిన్ అసిస్టెంటే. వాడికి 20 ఏళ్ళు ఉంటాయేమో. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఏమైందిరా అని గుచ్చి అడగొద్దు, వాతావరణం, సినిమా, ఏదో ఒకటి మాట్లాడండి. తనే చెప్తాడు ఎప్పుడో. చాప్లెయిన్ అందరినీ చూసుకుంటాడు, ఆయన పక్కనున్న కుర్రాణ్ణి చూసుకోవాల్సింది మాత్రం ఇంట్లోవాళ్ళే.

శ్రావణి_కె

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మొత్తం పిన్నికి చదివాను, చివరి పోస్టుతో సహా, దాచడం ఎందుకనిపించింది. నువ్వుల దగ్గర ఆగమంది, మళ్ళీ చదవమంది. తర్వాత చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, ఆ బన్నులు గిల్లిన పిల్లాడు ఎవరి బిడ్డో అంది.

నిన్న తమ్ముడు ఫోన్ చేస్తే తుపాకీ గురించి అడగలేదు, శుక్రవారం తాళాలు ముందే తెచ్చుకుంటున్నావా అని అడిగింది. వాడు నీకెలా తెలుసమ్మా అని ఒకటే ఆశ్చర్యం, ఆ తర్వాత అరగంట మాట్లాడాడు, చేరినప్పటినుంచీ అంతసేపు మాట్లాడింది ఇదే. ఇప్పుడు ఆవిడకి ఒకటే ధ్యాస, వాడికీ వాళ్ళ చాప్లెయిన్‌కీ కలిపి ఏదైనా తినడానికి పంపాలి. లలిత గారూ, ఇంట్లో చేసినవి ఆయన తింటారంటారా?

లలిత_డి

కోషర్ గట్టిగా పాటించేవాళ్ళయితే మనింటి గిన్నెల్లో వండింది తినరమ్మా, మొహమాటానికి తీసుకుని పక్కన పెడతారు, అది ఇద్దరికీ బాధ. తమ్ముడికి ఏం కావాలంటే అది చేసి పంపమను. ఆయనకి పళ్ళు పంపమను, ఆపిల్స్ అయితే మరీ మంచిది, వాళ్ళ కొత్త సంవత్సరానికి ఆపిల్ ముక్క తేనెలో ముంచుకుని తింటారు. కోయకుండా పంపాలి, మన చాకు తగలకూడదు.